ఫౌంటెన్ రాయికి రెండో వైపు

"ఆ రాయి మీద సెయ్యేత్తే ఊరుకోను కాశమ్మా, సెప్తన్నాను!"

"ఊరుకోకపోతే ఏటి సేత్తావ్? పదిరోజులై సుక్క నీరు లేదు. నా పూల మీద నీ కన్నీళ్లు జల్లుకోమంటావేటి?"

ఉమామహేష్ పనిముట్ల సంచితో పూర్ణా మార్కెట్ పక్కవీధిలోకి వచ్చేసరికి పూలమ్మే కాశమ్మ తగువు ముదిరిపోయింది. డిగ్రీ మధ్యలో వదిలేసి కంచరపాలెంలో పైపుల పని చేసుకుంటున్నవాడు, ఇలాంటి తగువులకు అలవాటుపడ్డవాడే. ఫౌంటెన్‌కు అడ్డంగా నిలబడ్డది సిరాజ్, సమాధిరాళ్ల మీద అక్షరాలు చెక్కే మనిషి. అరవై దాటాయి.

తుపానులో జాలర్లను ఒడ్డుకు చేర్చి తాను మునిగిపోయిన నేవీ ఆఫీసరు లెఫ్టినెంట్ మోహన్ పేరిట వీధివాళ్లు చందాలేసుకుని కట్టించిన ఫౌంటెన్ అది. నల్లరాతి పలక మీద ఆయన పేరు చెక్కింది సిరాజ్ తండ్రి. ఏటా నేవీ డే ముందురోజు ఆ అక్షరాల్లో తెల్లరంగు నింపేది సిరాజ్.

"పైపు పలక ఎనకే పగిలింది చాచా. తియ్యకుండా నానేటి సేసేది? పెచ్చు కూడా రానివ్వను."

"పెచ్చొచ్చిందా, నీ సమాధిరాయి నానే సెక్కుతాను. ఫ్రీగా."

కాశమ్మ పకపకా నవ్వింది. సిరాజ్ పక్కకు తప్పుకున్నాడు.

ఉమామహేష్, సిరాజ్ కలిసి పలకను పాత సున్నం నుంచి విడదీసి, గోనెసంచి మీద బోర్లా పడుకోబెట్టారు. వెనకా అక్షరాలున్నాయి. ఉర్దూ. ఉమామహేష్‌కు చదవడం రాదు. తలెత్తి చూస్తే సిరాజ్ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదువుతున్నాడు.

"రషీదా," అన్నాడు. "మా అమ్మ."

"ఓలమ్మో!" అంది కాశమ్మ.

అతని ఆరో ఏట పోయిందామె. ఖబరస్తాన్‌లో ఆమె గుర్తు ఇప్పటికీ ఒక ఇటుక ముక్క. ఊరందరికీ చెక్కావు, అమ్మకు చెక్కలేకపోయావని తండ్రిని చచ్చేదాకా దెప్పాడు సిరాజ్. చివరి నాలుగేళ్లూ మాటలే మానేశాడు. ఆయన ఒక్కసారీ జవాబివ్వలేదు.

"ఫౌంటెన్‌కని తెచ్చిన రాయి, ప్రారంభానికి రెండ్రోజుల ముందు నిలువునా పగిలిందని తెలుసు," అన్నాడు సిరాజ్. "ఇంకో రాయి ఎక్కడ దొరికిందో ఎవులూ అడగలేదు. నానూ అడగలేదు."

రాయి కరువైతే ఉన్నదాన్నే తిరగేసి రెండో వైపు చెక్కడం వాళ్ల పనిలో మామూలే. తానూ ఎన్నోసార్లు చేశాడు. అమ్మకని చెక్కిన రాయినే నాన్న ఇలా తిరగేసి ఉంటాడన్న ఊహ మాత్రం తట్టలేదు.

"ఒక్క మాట సెప్పుంటే ఏటి పోయేది మా నాన్నకి?"

"సెప్పుంటే నువ్వు గునపం అట్టుకొచ్చి ఊడబెరికీసుందువు," అంది కాశమ్మ.

సిరాజ్ కండువాతో అమ్మ పేరులోని సున్నం తుడిచాడు.

సాయంత్రానికి కొత్త పైపు పడింది, నీళ్లు ఎగిశాయి. పలక బిగించడానికి ఉమామహేష్ సిమెంటు కలుపుతుంటే, సిరాజ్ వచ్చి తాపీ పట్టుకున్న చేతిని ఆపాడు.

"ముందువైపు మోహన్ సారే ఉండాల. అది మా నాన్న వీధికిచ్చిన మాట. కానీ అమ్మ మీద సిమెంటు పుయ్యకు బాబూ. నాలుగు మూలలా బోల్టులెట్టు. ఏటా రంగేసే రోజు నువ్వొచ్చి ఇప్పాల. రెండు వైపులా ఏసుకుంటాను."