మా బావా, మిల్లోడూ

మొన్న ఆదివారం పొద్దున్న చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతుంటే ఫోన్ మోగింది. మేం చదువుకున్న విజయనగరం కాలేజీ నుంచి ఈమధ్యనే డిగ్రీ పట్టా పుచ్చుకుని బయటికొచ్చిన అమ్మాయట. పాత విద్యార్థులందరి కబుర్లతో ఒక సంచిక వేస్తున్నారని, ఎవరెవరు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో తలా రెండు వాక్యాలు కావాలని చెప్పింది. మా కంటే ముందువాళ్లు ఎక్కువగా మోకాళ్ల ఆపరేషన్ల గురించీ, చార్‌ధామ్ యాత్రల గురించీ రాశారట. మా తర్వాతవాళ్లు బెంగళూరులో కొన్న ఫ్లాట్ల గురించి రాశారట. తన బ్యాచ్ వాళ్లు మాత్రం, రాయడానికి ఇంకా ఏమీ లేదు, ఏదైనా దొరికాక చెప్తాం అంటున్నారని నవ్వింది. నా సంగతి చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను, మొక్కలు పెంచుతున్నాను అన్నాను. నిజానికి మొక్కల్లో బతికినది ఒక్క గోంగూరే, అది కూడా నా ప్రమేయం లేకుండా.

తర్వాత ఆ అమ్మాయి, మీ బ్యాచ్‌లో యూనివర్సిటీ మెడల్ తెచ్చుకున్నాయన మీకు బంధువేనట కదా మేడమ్, ఆయన ఫోనెత్తడం లేదు, ఆయనిప్పుడు ఏం చేస్తున్నారు అనడిగింది. నేను కాసేపు ఆలోచించి, లెక్కల లెక్చరరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారని రాసుకోమ్మా అన్నాను. ఆ వాక్యంలో ఒక్క అబద్ధం కూడా లేదు. అయినా ఫోన్ పెట్టేశాక, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతూ కూర్చున్నాను.

ఆయన మా మేనత్త కొడుకు. నాకు బావ. మా ఇద్దరికీ ముడిపెట్టాలని మా అమ్మమ్మకీ నానమ్మకీ మనసులో ఉండేది కానీ, నేను లెక్క తప్పు చేసినప్పుడల్లా బావ నా నెత్తిన మొట్టిన మొట్టికాయల వల్ల ఆ సంబంధం మొదలవకుండానే చెడింది. తర్వాత ఆయన చేసుకున్న అమ్మాయిని నేను అక్కా అని పిలుస్తాను. మా మధ్య ఎవరికీ ఏ బాధా లేదు. మాది రామతీర్థం పక్కన ఒక ఊరు, వాళ్లది దానికి ఎగువన ఇంకొకటి. ఇద్దరి ఇళ్లలోనూ వరి, నారకి వేసే గోగు, వానలు లేని ఏడు ఏమీ లేకపోవడం. మేమిద్దరం ఒకే ఏడు డిగ్రీలో చేరాం. నేను మా పిన్ని ఇంట్లో ఉండి చదువుకున్నాను. బావ మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక మేడ మీది గదిలో ఉండేవాడు. ఆ గదిలో ఆయనతో ఉన్నవాడే మిల్లోడు.

అతనికి మంచి పేరే ఉంది కానీ, ఒక చిన్న పట్నంలో వాళ్ల నాన్నకి రైసుమిల్లు ఉండటం వల్ల క్లాసంతా అలాగే పిలిచేది. పిలిస్తే పలికేవాడు, పైగా మురిసిపోయేవాడు. మనిషి ఉదారుడు. ఇంటి నుంచి బియ్యం బస్తా వస్తే సగం మా పిన్ని ఇంటికి కూడా చేరేది. లెక్కలు మాత్రం అతని తలకెక్కేవి కావు. ఆదివారాలు మేం నలుగురైదుగురం సైకిళ్ల మీద రామతీర్థం పోయేవాళ్లం. దర్శనం ఐదు నిమిషాలు, కొండ మెట్ల మీద మిల్లోడికి ఇంటిగ్రేషన్ మధ్యాహ్నం దాకా. బావ బొగ్గుముక్కతో రాతి మీద రాసేవాడు. లిమిట్ అంటే ఏమిటో చెప్పడానికి, ఇంటికి పోయే దారిలో ప్రతిసారీ మిగిలిన దూరంలో సగమే పోతే ఎప్పటికి చేరతావురా అనేవాడు. మిల్లోడు గంభీరంగా ఆలోచించి, అమ్మ అన్నం ఎవరికో పెట్టీసే యేలకి అనేవాడు. అంత నవ్వులోనూ బావ అతన్ని వదిలేవాడు కాదు. మిగిలిపోయిన పేపర్లన్నీ పాసయ్యేదాకా కూర్చోబెట్టి చదివించాడు. ఆఖరి ఫలితాలు వచ్చిన రోజు మిల్లోడు నడిరోడ్డు మీద మా బావని ఎత్తుకుని తిప్పడం నేను చూశాను.

బావ వాల్తేరులో ఎమ్మెస్సీ చేసి, మెడల్ తెచ్చుకుని, ఉద్యోగం లేకుండా ఊళ్లో కూర్చున్నాడు. ఆ రోజుల్లో మెడళ్లకి కొదవ లేదు, పోస్టులకే. అప్పుడు మిల్లోడు వచ్చాడు. వాళ్ల మిల్లులో పాత ధాన్యం కొట్టు ఖాళీగా ఉంది, అందులో ట్యుటోరియల్ పెడదాం, నువ్వు పాఠం చెప్పు, నేను నడుపుతాను అన్నాడు. పక్కన మిల్లు ఆడుతూనే ఉండేది. నల్లబల్ల మీద తవుడు పేరుకునేది. సాయంత్రానికి బావ జుట్టు సుద్దపొడితో తెల్లబడిందో తవుడుతో తెల్లబడిందో చెప్పడం కష్టం. కానీ పిల్లలు వచ్చారు. పరీక్ష తప్పినవాళ్లు వచ్చి పాసయ్యారు, పాసయినవాళ్లు తమ్ముళ్లని తెచ్చారు. కొట్టు జూనియర్ కాలేజీ అయింది. ఆ మధ్యలోనే బావకి ప్రభుత్వ కాలేజీలో పోస్టుకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అది సరిగ్గా పిల్లలకి పరీక్షలు దగ్గరపడ్డ సమయం. మిల్లోడు బావ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, “మనకి కాలేజీ ఉన్నాది కదరా, ఇంక గవర్నమెంటు ఎందుకు? ఇది నీదీ నాదీ,” అన్నాడు. నేను ఆ పూట అక్కడే ఉన్నాను. బావ ముఖం వెలిగిపోయింది. ఇంటర్వ్యూకి వెళ్లలేదు. ‘నీదీ నాదీ’ అన్న మాట ఏ కాగితం మీదా లేదని అక్క తర్వాత ఎప్పుడో అంది. కాగితం అడిగితే స్నేహం ఏముంటాదని బావ కోప్పడ్డాడు.

జూనియర్ కాలేజీ డిగ్రీ కాలేజీ అయింది, అది ఇంజనీరింగ్ కాలేజీ అయింది, రోడ్డు పక్కన మెరక పొలాల్లో మేడలు లేచాయి. మిల్లోడు కరస్పాండెంట్ అయ్యాడు, ఆపైన చైర్మన్ అయ్యాడు. మా బావ మాత్రం లెక్కల లెక్చరరుగానే ఉన్నాడు. ఒకరోజు వరండాలో బావ అలవాటు కొద్దీ, ఒరే మిల్లోడా అని కేకేస్తే పిల్లలు విని నవ్వారట. ఆ సాయంత్రమే మిల్లోడు ఇంటికి మిఠాయి పట్టుకొచ్చి, పిల్లల ముందర మటుకు సార్ అనమని, ఇంటి దగ్గర నీ ఇష్టమని, చాలా మొహమాటపడుతూ అడిగాడు. బావ ఆ సంగతి మాకందరికీ అభినయించి చూపించాడు. మేం పడీపడీ నవ్వాం. అక్క ఒక్కర్తే నవ్వకుండా, “ఇంటికాడికి మళ్లీ ఎప్పుడొస్తానన్నాడో అడిగారేటి?” అంది.

ఆమె అన్నట్టే అయింది. పిల్లల ముందర అన్న మాట స్టాఫ్ ముందర, స్టాఫ్ ముందరి మాట ఎవరూ లేని గదిలోకి పాకింది. ఎప్పుడు పాకిందో బావకి కూడా తెలియదనుకుంటాను. నాకు తెలిసింది మాత్రం మా ఇంట్లో ఒక మధ్యాహ్నం. బావ భోజనానికి వచ్చాడు. నేను ఆయనకిష్టమని ఎండుచేపలు వంకాయలో వేసి వండాను. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఫోన్ మోగింది. బావ పేరు చూసి, పీట మీంచి లేచి నిలబడ్డాడు. కుడిచేతికి అన్నం అంటుకునే ఉంది. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, సార్, సార్, అలాగే సార్ అంటూ గోడ వైపు తిరిగాడు. ఎవరో నాకు అర్థమైంది. ఆయన మళ్లీ కూర్చుని తినడం మొదలుపెట్టాడు. కూర బాగుందని మామూలు కంటే ఎక్కువసార్లు అన్నాడు.

తర్వాత రోజులు ఇంకా పాడయ్యాయి. ఊరికో కాలేజీ వచ్చాక సీట్లు నిండటం మానేశాయి. మిల్లోడి అల్లుడు డైరెక్టరుగా వచ్చి, వేసవి సెలవుల్లో లెక్చరర్లందరూ ఊళ్లమ్మట తిరిగి పిల్లల్ని చేర్పించాలని రూలు పెట్టాడు. నేను అప్పుడు పనిచేస్తున్న హైస్కూలుకి మా బావ ఏప్రిల్ ఎండలో స్కూటరు మీద వచ్చాడు, సంచీ నిండా రంగుల కరపత్రాలతో. జుట్టంతా నిజంగానే తెల్లబడిపోయింది. గేటు దగ్గర మా అటెండరు ఆయన్ని పుస్తకాలమ్ముకునేవాడనుకుని ఆపేశాడు. నేను వెళ్లి లోపలికి తీసుకొచ్చి మజ్జిగ ఇచ్చాను. గోల్డ్ మెడల్ ఇంట్లో ఉందా బావా అని వేళాకోళమాడదామని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయన టెన్త్ పిల్లల తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు దొరుకుతాయేమోనని తల వంచుకుని అడిగాడు.

మా బ్యాచ్ అంతా కలుద్దామని అనుకున్నది ఆ తర్వాతి చలికాలంలో. చోటు వెతుక్కోవడం ఎందుకు, నా కాలేజీ ఉండగా అని మిల్లోడే పూనుకున్నాడు. ఆదివారం నాడు అందరం చేరాం. బట్టతలలూ, షుగరు మాత్రలూ, పట్టుచీరలూ. పొట్టలు కనబడకుండా ఫొటోలు తీయమని గొడవ. బావ స్టాఫ్ కాబట్టి ఏర్పాట్లన్నీ ఆయన మీదే పడ్డాయి. మేం కుర్చీల్లో కూర్చుని ఒకరినొకరు ఒరే, ఒసే అనుకుంటుంటే, ఆయన మంచినీళ్ల క్యాన్లు వచ్చాయో లేదో చూసుకుంటూ తిరిగాడు.

ఒక్కొక్కరు మైకు దగ్గరికి వెళ్లి తమ సంగతులు చెప్పాలి. సోంపేట నుంచి వచ్చినాయన జీడిపప్పు వ్యాపారం గురించి మొదలుపెట్టి తన పైల్స్ ఆపరేషన్ దాకా వెళ్లాడు. ఒకామె మనవరాలు నేర్పిన పాట పాడింది. అందరూ వేదిక మీద పెద్ద కుర్చీలో కూర్చున్న చైర్మన్‌ని, ఒరే మిల్లోడా అనే పిలిచారు. పిలిచిన ప్రతిసారీ అతని ముఖం ఇరవయ్యేళ్లవాడి ముఖమైపోయింది. అది నటన కాదు. చివర్న బావని పిలిచారు. బావ చేతులు తుడుచుకుంటూ వచ్చి, మైకు ముందు నిలబడి, వేదిక వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

“చైర్మన్ సార్‌కి నమస్కారం,” అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. ఆడి వెటకారం ఇంకా పోలేదని ఎవరో అన్నారు. చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఒకాయన, “సారేట్రా, మిల్లోడని పిలు,” అని అరిచాడు. బావ నవ్వలేదు. మిల్లోడి వైపు చూశాడు. ఒక్క మాట కోసం చూశాడు. ఆ మాట మిల్లోడే అనాలి, ఇంకెవరన్నా పనికిరాదు. మిల్లోడు కూడా అందరితో పాటు నవ్వుతూ, స్టాఫ్ నమస్కారానికి ఊపినట్టే తల ఊపాడు. బహుశా అతనికి తెలియకుండానే ఊపి ఉంటాడు. బావ మైకులో, “నేను ఇక్కడే ఉన్నాను,” అని ఇంకో మాట లేకుండా దిగిపోయాడు. చాలా క్లుప్తంగా, అందంగా చెప్పాడని మెచ్చుకున్నారు.

భోజనాల దగ్గర ఆయన్ని పక్కకి లాగి అడిగాను. అందరూ ఒరే అంటుంటే నువ్వొక్కడివీ అలాగ అన్నావేటి బావా అన్నాను. ఆయన గరిటె కిందపెట్టి, చుట్టూ చూసి, మెల్లిగా చెప్పాడు.

“రేపు సోమవారం కదే. ఈరోజు ఒరే అనీస్తే, రేపు ఏటని పిలవాల?”

మరుసటి జూన్‌లో ఆయన్ని రావద్దన్నారు. డైరెక్టరు పిలిచి వయసు గురించి మర్యాదగానే మాట్లాడాడట. మిల్లోడు ఆ వారం ఊళ్లో లేడని చెప్పారు. అక్క మాత్రం అతని కారుని బజారులో చూసింది. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో బావ ఫొటో పెట్టి, విశ్రాంత జీవితం సుఖంగా గడవాలని రాశారు. దాని కింద పువ్వుల బొమ్మలు, దండాలు. మిల్లోడు కూడా ఒక పువ్వు పెట్టాడు. బావ ఊరికి వచ్చేసి, ఉన్న కాస్త పొలంలో గోగు వేశాడు.

ఈ ఏడు వానాకాలం వెళ్లేముందు నేను వాళ్లింట్లో ఉండగా ఆ కారు వచ్చి ఆగింది. మిల్లోడు కర్ర ఊతంతో దిగాడు. కాలేజీ వ్యవహారాలన్నీ అల్లుడు చూసుకుంటున్నాడని, మిల్లోణ్ని చైర్మన్ గది దాకా కూడా రానివ్వడం లేదని మేం అప్పటికే విని ఉన్నాం. బావ గోగు మోపు కింద పడేసి, పరుగున వచ్చి, భుజం మీది తువ్వాలుతో కుర్చీ తుడిచి వేశాడు. తను మాత్రం కూర్చోలేదు. తన ఇంట్లో, తన అరుగు మీద, స్తంభం పక్కన నిలబడే ఉన్నాడు. మిల్లోడు కూర్చోమని మూడు నాలుగుసార్లు అన్నాడు. పరవాలేదు సార్ అన్నాడు బావ. అక్క టీ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

టీ చల్లారిపోయింది. మిల్లోడు కర్ర మీద గడ్డం ఆనించి, నన్ను ఒరే అనేవాళ్లు ఒక్కొక్కరే పోతన్నారు, మా ఇంట్లో అందరికీ నేను ఆయన, ఈయన అయిపోయాను అన్నాడు. తర్వాత తలెత్తి, “ఇప్పుడు కాలేజీ నాదీ కాదు, నీదీ కాదు. ఒక్కసారి ఒరే అనరా,” అన్నాడు.

బావ పెదవులు కదిలాయి. ఆయన నిజంగానే ప్రయత్నించాడు. అది నేను చూశాను. గొంతు సర్దుకున్నాడు, మిల్లోడి పాదాల వైపు చూశాడు, మళ్లీ ప్రయత్నించాడు. చివరికి, “అలవాటు తప్పిపోనాది సార్,” అన్నాడు.

అందులో పగ ఉంటే బాగుండునని నాకు అప్పుడనిపించింది. పగ లేదు. చేతకానితనం అంతే. మిల్లోడు కర్ర పట్టుకుని లేచాడు. బావ ముందు నడిచి కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

కారు చెరకుతోటల మలుపు తిరిగి కనబడకుండా పోయాక, మా బావ ఆ కుర్చీలో కూర్చున్నాడు. “ముసిలోడైపోనాడే ఆడు,” అన్నాడు నాతో, కళ్లు తుడుచుకుంటూ. “సిక్కిపోనాడు, సూసినావా?” కాలం ఆ స్నేహాన్ని మొత్తంగా పట్టుకుపోయినా ఇంత బాధ ఉండేది కాదేమో, అవతలి మనిషి వెళ్లిపోయాక మాత్రమే పలికేలా దాన్ని మిగిల్చిపోయింది.