ఇస్రాయేలు తాగలేదు

గద్వాల దగ్గరి గట్టు మండలంలో, విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేలకు కూలికి పోయే వసంతకు ఏడేళ్లుగా ఒక మనిషి మీద పగ. అతని పేరు భాస్కర్. వడ్డేపల్లి దిక్కువాడు, పాలమూరు కూలీలను హైదరాబాదుకు తోలుకుపోయే మేస్త్రీ. అతని కింద పని చేస్తూనే ఆమె భర్త ఇస్రాయేలు నాలుగో అంతస్తు పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. తాడు తెగిందని తోటివాళ్లందరికీ తెలుసు. భాస్కర్ మాత్రం శవాన్ని ఊళ్లో దించి, తాగి పడ్డాడని చెప్పి వెళ్లిపోయాడు. ఒకరిద్దరు వసంత చెవిన వేశారు గానీ, పని పోతుందని ఊరి ముందు ఎవరూ నోరు విప్పలేదు.

ఇస్రాయేలు చర్చిలో పాట ఎత్తుకునే మనిషి, కల్లు కూడా ముట్టనివాడు. అయినా ఊరు నమ్మింది. సమాధి దగ్గర పాస్టరు తాగుడు చేసే కీడు గురించే బోధించాడు. అత్త ఏసమ్మ ఆనాటి నుంచి చర్చి గడప తొక్కలేదు.

పోయిన నవంబరులో వసంత కూతురు నిరోషను హైదరాబాదులో నర్సింగు హాస్టల్లో చేర్చి తిరుగు బస్సెక్కింది. మధ్యాహ్నం ఒక పెద్ద మైదానం పక్కన బస్సు ట్రాఫిక్‌లో ఆగింది. లోపల ఇనుప పైపులతో మూడంతస్తుల ఎత్తు స్టేజీ. గేటు దగ్గర కూలీలను కసురుతున్న మనిషిని చూసి ఆమె కిటికీలోంచి తల బయట పెట్టింది. పొట్ట పెరిగింది, మీసానికి రంగు పడింది. భాస్కరే. కండక్టరు వద్దంటున్నా వినకుండా దిగేసింది.

అతను అప్పటికే లోపలికి పోయాడు. టికెట్ లేనిదే పోనియ్యమన్నారు గేటు దగ్గరివాళ్లు. లోపల ఏమవుతుందని అడిగితే, వరుసలో నిలబడ్డ ఒక పిల్ల రాక్ బ్యాండు కచేరీ అని చెప్పింది. స్నేహితురాలు రాక ఆ పిల్ల దగ్గర ఒక టికెట్ మిగిలింది.

"జర నన్ను గూడ తోల్కపో బిడ్డా, లోపల మావోడు ఒకడున్నడు" అంది వసంత. ఆ పిల్ల నవ్వి, టికెట్టుగా ఇచ్చే కాగితం పట్టీని ఆమె చేతికి కట్టింది.

మొదటి డ్రమ్ము దెబ్బకే రొమ్ము మీద గుద్దినట్టయింది. వసంత ఎరిగినవి చర్చి తబలా, పెళ్లిళ్ల డీజే. ఇక్కడ వేలమంది పిడికిళ్లు ఎత్తి అరుస్తున్నారు. పాటలో ఒక్క మాట అర్థం కాలేదు గానీ పాడేవాడి కోపం అర్థమైంది. తనకు తెలియకుండానే గొంతెత్తింది. ఏడేళ్లుగా దాచుకున్న తిట్లన్నీ భాస్కర్ పేరు పెట్టి తిట్టింది. ఎవరూ తిరిగి చూడలేదు. పక్క పిల్ల ఆమెతో పాటు పిడికిలి ఎత్తింది. తిట్లు అయిపోయాయి, పగ మాత్రం ఇంకా పదునెక్కింది.

జనాన్ని తోసుకుంటూ స్టేజీ పక్క కంచె దాకా చేరింది. అవతల కూలీలు కూర్చుని ఉన్నారు. మాటను బట్టి తమ పక్కనున్న మల్దకల్ వాళ్లని తెలిసింది. అంతలో పైన ఒక లైటు పట్టు తప్పి వేలాడింది. పాట ఆపేశారు. భాస్కర్ పరుగున వచ్చి చిన్నయ్య అనే కూలీని ఎక్కమన్నాడు. నడుముకు బెల్టు లేదు. చిన్నయ్య అక్కడ దొరికిన తాడే కట్టుకుంటున్నాడు.

"ఎక్కకు అన్నా. పడితే తాగిండంటడు. నా మొగుణ్ణి గట్లనే అన్నడు" అంది వసంత.

భాస్కర్ ఆమెను గుర్తుపట్టాడు. ఆ పాత ముచ్చట ఇప్పుడెందుకని గొణిగాడు. చిన్నయ్య ఆమె ముఖం, అతని ముఖం మార్చిమార్చి చూశాడు. తాడు విప్పి కింద కూర్చున్నాడు. మిగతావాళ్లూ లేవలేదు. జనం ఈలలు వేస్తున్నారు. కచేరీ కంపెనీ మేనేజరు వచ్చి సంగతేమిటని భాస్కర్‌ను నిలదీశాడు. నిజం చెప్పేదాకా లేచేది లేదన్నారు కూలీలు.

వసంత ఫోను రికార్డింగులో పెట్టి కంచె మీదుగా చాచింది.

"గీ ఫోన్ల చెప్పు. నా మొగుడు తాగిండా?"

"లేదు."

"మరెట్ల పడ్డడు?"

"తాడు తెగింది." భాస్కర్ తల వంచుకున్నాడు. "పాతదైంది, మార్చమని ఆ దినం పొద్దుగాల ఇస్రాయేలే చెప్పిండు."

ఆ చివరి మాట వసంతకు ఇంతవరకు తెలియదు. భాస్కర్ చేతులు జోడించాడు. ఆమె ఫోను ఆపి కొంగున కట్టుకుంది. మేనేజరు అతని మెడలోని పాసు లాగేసి బయటికి పంపాడు. బెల్టు తెప్పించాకే చిన్నయ్య పైకెక్కాడు. భాస్కర్ గేటు దాటేదాకా వసంత కన్నార్పకుండా చూసింది. అతను అలా పోతుంటే చూడడం ఆమెకు తీపిగా ఉంది.

ఆదివారం చర్చిలో అందరి ముందు ఆ రికార్డింగు వినిపించింది. పాస్టరు ఇంటికి వచ్చి ఏసమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోతూ పోతూ, ఇక భాస్కర్‌ను క్షమించమని వసంతకు చెప్పాడు.

"ఇంకో ఏడేండ్లకు అడుగుండ్రి అయ్యగారూ" అంది ఆమె.

ఇప్పుడు గద్వాల నుంచి పనికి పోయే కూలీలు ఎవరు కలిసినా వాళ్ల ఫోనుకు ఆ రికార్డింగు పంపుతుంది. భాస్కర్ నాగర్‌కర్నూల్ దిక్కు కొత్తగా మనుషులను వెతుకుతున్నాడనీ, అక్కడ ఎవరూ అతని బండి ఎక్కలేదనీ పోయిన నెల చిన్నయ్య చెప్పాడు. రికార్డింగు పంపడానికి వనపర్తిలో కూడా తెలిసినవాళ్లు ఉన్నారా అని వసంత అడిగింది.