గోల్ఫ్ మైదానం మీద అత్తాకోడళ్ల వాదన

మా కాలనీ మలాయి దేశంలోని బంటింగ్ పట్టణం చివర, పురపాలక హద్దుకు సరిగ్గా అవతల ఉండేది. రబ్బరు ఎస్టేటు మూసేశాక కూలీల కుటుంబాలకు కట్టించిన వరస ఇళ్లు. హద్దుకు ఇవతల, పట్టణం వైపు వీధిలోకి చెత్త లారీ వారానికి మూడుసార్లు వచ్చేది. మా చెత్త మేమే కాల్చుకునేవాళ్లం. అందుకే మమ్మల్ని పట్టణంలో కలుపుకుంటామని పురపాలక సంఘం నోటీసు అంటించినప్పుడు అందరం సంతోషించాం. రెండో పేజీ దాకా చదివింది నేనొక్కదాన్నే. మా ఇళ్ల వెనక బీడులో గోల్ఫ్ మైదానం వేస్తారట.

పేరుకే అది బీడు. సగం నిలువెత్తు లాలాంగ్ గడ్డి, మిగతా సగం మా అందరి పెరడు. నేను అక్కడ వంకాయ, బెండ, కరివేపాకు పెంచేదాన్ని. సాయంత్రాలు పిల్లలు ఫుట్‌బాల్ ఆడేవారు. ఫ్యాక్టరీ ఆఫీసులో గుమస్తాను, మలాయి భాషలో అర్జీలు రాయడం అలవాటే కనుక, అభ్యంతర పత్రం నన్నే రాయమన్నారు వీధివాళ్లు. ఉత్సాహంగా మూడు పేజీలు రాశాను. మొదటి సంతకానికి మా అత్త ముందు పెట్టాను.

"ఏటిది?" అంది. చెప్పాను.

"నాను పెట్టను. గోల్పు రానీ. మంచిదే కదా."

అత్త డెబ్బై దాటిన మనిషి, సగం జీవితం ఎస్టేటు పనిలోనే గడిపింది. అక్కడ దొరలకు చిన్న గోల్ఫ్ మైదానం ఉండేదనీ, అందులో పన్నెండేళ్లు ఆమె కలుపు తీసిందనీ నాకు ఆ రోజే తెలిసింది.

"ఆ గడ్డి నువ్వు సూడలేదు. దుప్పటి పరిసినట్టుండేది. ఇప్పుడు మన ఎనకాల ఏటుంది? పాములు, పాత టైర్లు. నీ నాలుగు వంగ మొక్కల కోసరం అవన్నీ అట్టాగే ఉండాలా?"

"నాలుగు కాదత్తా, పదకొండు."

ఆ వారమంతా ఇంట్లో ఇదే రగడ. మా ఆయన ఆమె మాటకూ నా మాటకూ తలూపి, కాఫీ తాగేసి, మోటార్ సైకిలెక్కి పనికి పోయేవాడు. అత్త నా వంకాయ కూర రెండోసారి వడ్డించుకుంటూనే గోల్ఫ్‌ని సమర్థించేది.

శనివారం ఉదయం కాలనీ సమావేశ మందిరంలో విచారణ పెట్టారు. పురపాలక అధికారిణి ఒకామె, పక్కన ఒక ఇంజనీరు వచ్చారు. అందరికంటే ముందు నేనే మాట్లాడాను. బాగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే మూడో వరసలో అత్త లేచి నిలబడింది.

"నా మలాయి సేపలు కొనడానికి సాలుద్ది, వాదించడానికి సాలదు. నాను తెలుగులో సెప్తాను. నా కోడలు మీకు తిప్పి సెప్తాది."

అధికారిణి నవ్వి, మైకు మళ్లీ నా చేతికే ఇచ్చింది.

"ఇప్పుడు మాటాడింది నా కోడలే," అని మొదలుపెట్టింది అత్త. "తెలివైన పిల్ల. మా ఇంట్లో రాతకోతలన్నీ అదే సూసుకుంటాది. కాని ఈ గడ్డి సంగతి దానికేటీ తెలీదు. ఆ సేతులు పార పట్టిన సేతులు కావు."

మలాయిలో చెప్పాను. తెలుగు వచ్చినవాళ్లు ముందే నవ్వారు, రానివాళ్లు నేను చెప్పాక నవ్వారు. ఒకే మాటకు రెండుసార్లు నవ్వులపాలయ్యాను. మధ్యలో ఆమె మాటల్ని కాస్త మెత్తబరుద్దామనిపించింది గానీ అత్త నా పెదాలవైపే చూస్తోంది. చెత్త లారీ కావాలంది, వీధి దీపాలు కావాలంది, గోల్ఫ్ కూడా కావాలంది. అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇంకొక్కటి అడుగు," అంది అత్త, ఈసారి గొంతు తగ్గించి. "ఎస్టేటులో ఆ గడ్డిమీద పన్నెండేళ్లు గొంతుకూకుని కలుపు తీసినాను. పనయినాక ఒక్కసారైనా దానిమీద ఊరికే నడవనియ్యలేదు. సుట్టూ తిరిగి ఎళ్లేవోళ్లం. ఇది మన ఊరిది కదా. ఆట ఆడనోళ్లు కూడా నడవొచ్చా?"

ఆ ప్రశ్న అడిగేటప్పుడు నా గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. అధికారిణి కాగితాలు తిరగేసి, ఇంజనీరును అడిగి, చివరికి చెప్పింది. బంతులు తగిలే ప్రమాదం ఉంది, చుట్టూ కంచె వేస్తాం, లోపలికి ఆడేవాళ్లనే రానిస్తాం అని.

అత్త నా తెలుగు కోసం ఆగలేదు, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి అనేసింది.

"కంచా? ఐతే నాకొద్దు లా! ఊర్లో కలపండి, దీపాలెయ్యండి. గడ్డి మాత్రం అందరూ నడిసేటట్టు పెంచండి."

హాలంతా చప్పట్లు. నాకు కొట్టినవాటికంటే ఎక్కువే.

ఇంటికి నడిచి వస్తుంటే అత్త నావైపు చూడకుండానే అంది: "ఒక మాట మింగేసినావు."

"లేదత్తా, అన్నీ చెప్పాను."

"తెలివైన పిల్ల అన్నాను. అది సెప్పలేదు. తిట్టినవన్నీ సెప్పినావు, మెచ్చుకున్నదొక్కటీ ఒదిలేసినావు."

నిజమే. అంతమంది ముందు నన్ను నేను పొగుడుకున్నట్టుంటుందని దాటేశాను. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. చేపలు కొనే మలాయితోనే ఆమె నా ప్రతి మాటా తూచిందన్నమాట.

కొన్ని నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. మమ్మల్ని పట్టణంలో కలిపారు. గోల్ఫ్‌కు స్థలం చాలదని తేలిందట, దాని బదులు పార్కు వేస్తున్నారట. అత్త ప్రశ్నకు అందులో ఎంత పాత్ర ఉందో నాకు తెలియదు. అంతా తనవల్లేనని అత్త మాత్రం కాలనీ మొత్తం చెప్పుకుంది, నేనూ కాదనలేదు. పార్కు బాట నా పెరటి మీదుగానే వేశారు, అయిదు వంగ మొక్కలు పోయాయి.

పార్కు తెరిచిన సాయంత్రం అత్త మా ఆయన పాత బూట్లు తొడుక్కుని వచ్చింది. బాట వదిలేసి గడ్డి మధ్యలోంచి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, ఆయాసపడుతూ వచ్చి బెంచీ మీద కూర్చుంది. తర్వాత, అంతకుముందు నాకెప్పుడూ చెప్పని మనుషుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. తనతో కలుపు తీసిన ఆడవాళ్లలో ఎవరు బాగా పాడేవారో, ఎవరు ఇపో పట్నం పోయి ఇడ్లీ కొట్టు పెట్టారో, ఎవరు దొరగారి బంతిని మట్టిలో పూడ్చి ఏమీ ఎరగనట్టు నిలబడ్డారో. దోమలు లేవగొట్టేదాకా వింటూ కూర్చున్నాను.