వంశీ మోకాలు, యూసుఫ్ భుజం

కబురు మొదట తెచ్చింది కరీం భాయ్. వంశీ వాళ్ళ జట్టును మైదానానికి తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు ఆయన, పెషావరు మనిషి. ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను అన్నాలయ్యాక గిన్నెలు కడుగుతున్నాను. ఈ గల్ఫ్ దేశంలో, హమద్ టౌన్‌లో మా ఫ్లాటు మూడో అంతస్తు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వచ్చాడు కాబోలు, ఊపిరి అందడం లేదు. "భాభీ, వంశీ గిర్ గయా. చలో," అన్నాడు. ఎలా పడ్డాడని అడిగితే, తన మోకాలు చూపించి, తల పక్కకు తిప్పుకున్నాడు.

వంశీ మా ఒక్కగానొక్క కొడుకు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండాయి, కాలేజీలో అకౌంట్స్ చదువుతున్నాడు. వాడు ఆడేది మన దగ్గర కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్ళది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఒకడు వెనక నుంచి విసురుతాడు, ఇంకొకడు పరిగెత్తి గాలిలో అందుకుంటాడు. అందుకునేవాణ్ణి రిసీవర్ అంటారు. మావాడు రిసీవర్. అందుకున్న మరుక్షణం వాణ్ణి గుద్ది నేలకు కొట్టడం అవతలివాళ్ళ పని. "గుడ్డు లెక్క బంతి, దానికోసం పొట్టేళ్ళ లెక్క గుద్దుకునుడు. ఇదేం ఆటరా?" అని వాళ్ళ బాపు నవ్వేవారు. మా ఆయన మీనా సల్మాన్‌లో ఒక వర్క్‌షాపులో స్టోర్ కీపరు. మాది జగిత్యాల వైపు.

ఆ దెబ్బను తర్వాత ఒక పిల్లవాడి ఫోనులో చూశాను. చూడకుండా ఉండాల్సింది. వంశీ ఎగిరి రెండు చేతులా బంతి పట్టాడు. కుడికాలు నేలకు ఆనీ ఆనకముందే ఒక పెద్ద మనిషి పక్కనుంచి వచ్చి తన బరువంతా ఆ కాలి మీద వేశాడు. మోకాలు వంగకూడని వైపుకి, లోపలికి వంగింది. చెరుకుగడ విరిచినట్టు చప్పుడు ఫోనులో కూడా వినిపించింది. ఆ తర్వాత వంశీ అరుపు. వాడు పుట్టిన రోజు నుంచి అలాంటి అరుపు నేను వాడి నోట వినలేదు.

ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీశారు. "నో ఫ్రాక్చర్," అన్నాడు డ్యూటీ డాక్టరు. బెల్టు కట్టి, కర్రలిచ్చి, వారం తర్వాత ఆర్థో డాక్టరుకు చూపించండి, అవసరమైతే ఎంఆర్‌ఐ చేస్తారు అని కాగితం రాసిచ్చాడు. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్న ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు అక్షరాలు నేర్పించాడు. ఆ కాగితంలో నాకు అర్థమైంది ఒక్కటే: ఎముక విరగలేదు. అంజన్నకు కొబ్బరికాయ కొట్టాను. ఎముక విరగలేదంటే ఇక నరం బెణికిందనే కదా మనవాళ్ళంతా అనుకునేది! ఆర్థో డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. తొమ్మిదో రోజుకి కూడా కాలు పూర్తిగా చాపలేకపోతుంటే, అస్కర్ కూలీల క్యాంపు నుంచి లింగన్నను పిలిపించాం.

లింగన్న మా పక్క ఊరి మనిషి. కంపెనీలో పరంజాలు కట్టే స్కఫోల్డింగ్ పని. సెలవు పెడితే జీతం పోతుందని భయపడే కూలీలందరికీ శుక్రవారాలు చెయ్యీ కాలూ సరిచేసి కట్టు కడతాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. మంచి మనిషి, ఆ మాట ఇప్పటికీ అంటాను. నువ్వుల నూనె కాచి తెమ్మన్నాడు.

"పదిహేనేండ్ల సంది దుబాయిల కట్లు కడుతున్న వదినా. ఇప్పటిదాకా ఏ కాలూ నన్ను తిట్టలే. కాలున్నోళ్ళే తిట్టిండ్రు," అని, మావైపు అందరిలాగే గల్ఫ్ అంతటినీ దుబాయి అంటూ, నవ్వించాడు. వంశీ కూడా నవ్వాడు.

తర్వాత మా ఆయనను వంశీ భుజాలు పట్టుకోమన్నాడు. నన్ను వాడి కుడి తొడ మీద కూర్చోమన్నాడు. కూర్చున్నాను. లింగన్న మడమ పట్టుకుని ఒక్కసారిగా లాగి, లోపలికి తిప్పాడు.

లోపల ఏదో టక్కుమన్న సంగతి నా కిందనే తెలిసింది. వంశీ ఎడమకాలితో తన్నిన తన్నుకు లింగన్న పెదవి చిట్లింది. "బాపూ, వదులు! అమ్మా, లే! నన్ను సంపుతుండ్రు!" అని గుక్క తిప్పుకోకుండా అరుస్తున్నాడు. "అయిపోయె బిడ్డా, అయిపోయె," అంటూ నేను ఇంకా బరువు వేసి అదిమాను. ఆ పని చేసింది నేను. లింగన్న పేరు చెప్పి నేను తప్పించుకోను.

సాయంత్రానికి మోకాలు బొప్పాయి కాయంత అయింది. అప్పుడు వెళ్ళాం ఆర్థో డాక్టరు దగ్గరికి. ఈజిప్టు ఆయన, మాట తక్కువ. ఎంఆర్‌ఐ చూసి, "ఏసీఎల్ కంప్లీట్ టేర్. మెనిస్కస్ బకెట్ హ్యాండిల్ టేర్," అన్నాడు. మోకీలు ముందుకు జారకుండా లోపల పట్టి ఉంచే తాడు ఏసీఎల్, ఎముకల మధ్య మెత్త మెనిస్కస్ అని, రెండూ చిరిగాయని బొమ్మ గీసి చెప్పాడు. ఎక్స్‌రేలో ఎముకలే కనపడతాయి, ఇవి కనపడవట. తర్వాత కళ్ళద్దాలు తీసి, "దీన్ని తిప్పింది ఎవరు?" అని అడిగాడు. "ఆటలో ఎంత చిరిగిందో, ఇంట్లో ఎంత చిరిగిందో ఇప్పుడు నేను చెప్పలేను," అన్నాడు. ఆ మాటను నేను ఇప్పటికీ రోజూ మోస్తున్నాను.

ఆపరేషన్‌లో తొడ వెనక కండ తాడు ఒకటి తీసి కొత్త ఏసీఎల్ వేశారు. మెనిస్కస్ ముక్క కుట్టడానికి వీలుకాక కోసి తీసేశారు. "మళ్ళీ ఆడతానా?" అని వంశీ అడిగితే, "మొదట బాత్రూం దాకా నడువు," అన్నాడు డాక్టరు.

అసలు యుద్ధం ఆ తర్వాతే. ఫిజియోథెరపీ చేసిన షీజ కేరళ అమ్మాయి, సన్నగా ఉంటుంది గానీ చేతులు ఇనుము. వంశీని బోర్లా పడుకోబెట్టి, కాలు మడిచి, తన ఛాతీ బరువంతా వేసి నొక్కేది. "రోలో బేటా, ఎంతైనా ఏడ్చుకో. కాలు మాత్రం బిగించకు," అనేది. వంశీ తువ్వాలు కరిచి పట్టుకునేవాడు. ఒకరోజు తువ్వాలు మీద రక్తం కనిపించింది, నాలుక కరుచుకున్నాడు. ఆరు వారాలకు కూడా డెబ్బై డిగ్రీలు దాటి వంగలేదు. మూడో నెలలో మత్తిచ్చి బలవంతంగా వంచారు. "లోపల అతుక్కున్నవి తెగుతాయి. చప్పుడు వస్తుంది, మీరు బయట కూర్చోండి," అన్నాడు డాక్టరు. బయట కూర్చుని నేను దేవుడి పేరు తప్ప ఇంకేమీ తలచలేదు.

ఇంట్లో కూడా దెబ్బలే. కాలు వంగనన్న రోజున వంశీ స్టీలు పళ్ళెం విసిరితే నా చెవి పక్కగా వెళ్ళి గోడకు తగిలింది, పప్పు అంతా నా జుట్టులో. మా ఆయన లేచి చెంప మీద ఒక్కటిచ్చారు. వంశీ కర్ర ఎత్తాడు. "కొట్టురా! కొట్టు! మీ అమ్మ నీ కాలు మీద కూసున్నందుకు కొట్టు!" అని ఈయన ఛాతీ ముందుకు పెట్టారు. నేను మధ్యలోకి వెళ్ళాను. ఆ కర్ర ఎవరికీ తగలలేదు, గోడ అద్దానికి తగిలింది. గాజు ముక్కల మధ్య వాడు ఒంటికాలి మీద నిలబడి, "నా పేరు లిస్టులకెల్లి తీసేసిండ్రు బాపూ," అన్నాడు. ఈయన బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నారు. చాలాసేపు బయటికి రాలేదు.

అప్పుడు తెలిసింది నాకు, వాడి బాధ మోకాలు ఒక్కటే కాదని. జట్టులో రిసీవర్లకు ఐదు చోట్లు. వాడి చోటు యూసుఫ్ అనే పిల్లవాడికి వెళ్ళింది. జాబితాలో పేరు లేనివాణ్ణి మ్యాచ్‌కి కాదు కదా, సాధనకు కూడా రానివ్వరు.

యూసుఫ్ ఇక్కడివాడే, మాకు రెండు రౌండెబౌట్ల అవతల వాళ్ళ ఇల్లు. ఎనిమిదో నెలలో డాక్టరు పరిగెత్తవచ్చు అన్నాక, ఒకనాడు ఖర్జూరాల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అంత మంచి మొహం పెట్టుకుని వస్తే నాకు ఒళ్ళు మండింది. దొంగిలించినవాడు చుట్టపుచూపుగా వచ్చినట్టనిపించింది. "యా లంగ్డా, యల్లా! కుంటిగాడిని ఓడిస్తే నాకేం పేరొస్తుంది? లే!" అన్నాడు వంశీని. వంశీ దిండు తీసి వాడి మొహాన కొట్టాడు. ఇద్దరూ నవ్వారు, నెలల తరబడి మా ఇంట్లో వినపడని నవ్వు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఇద్దరూ కలిసి పరిగెత్తారు. వంశీ గుద్దుకోవడానికి యూసుఫే మెత్తల సంచి పట్టుకుని నిలబడేవాడు. మోకాలి మీది మచ్చను వేలితో నొక్కి చూసి, "ఇక్కడా నొప్పి?" అని అడిగేవాడు. డాక్టరు పరీక్షలన్నీ పెట్టి పదకొండో నెలలో ఆడటానికి కాగితం ఇచ్చాడు. "కొత్త ఏసీఎల్ గట్టిగానే ఉంది. కానీ పక్కనుంచి మళ్ళీ అలాంటి దెబ్బే తగిలితే నేను మాట ఇవ్వలేను," అన్నాడు.

కొత్త ఏడాది జాబితా తీసే రోజు వచ్చింది. నాలుగు చోట్లు ఖాయమైపోయాయి. ఐదోది వంశీకా, యూసుఫ్‌కా? ఆ ఉదయం దీపం పెట్టి నేను ఒక మాట అడిగాను. ఎన్నో ఏళ్ళుగా పూజ చేస్తున్నదాన్ని, అలాంటి కోరిక ఎన్నడూ కోరలేదు. ఆ పిల్లవాడు పడిపోవాలి స్వామీ, అన్నాను. నా కొడుకు గెలవాలని కాదు. వాడు పడిపోవాలని.

మైదానంలో నేను పక్కన నిలబడి చూస్తుండగా కోచ్ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాడు. రెండు వైపులా సంచులు పరిచిన సన్నటి దారి. ఒకడు బంతితో పరిగెత్తి చివరి గీత దాటాలి, ఇంకొకడు ఆపాలి. మూడుసార్లు. మొదటిసారి యూసుఫ్ కింద నుంచి వచ్చి తొడలు పట్టి వంశీని ఎత్తి వెల్లకిలా వేశాడు. నా పళ్ళు కూడా అదిరాయి. రెండోసారి బంతితో వచ్చిన యూసుఫ్‌ను వంశీ సంచుల మీదికి తోసి పడేశాడు. వాడి ముక్కు నుంచి రక్తం కారుతుంటే చొక్కాకు తుడుచుకుని నవ్వాడు. మూడోసారి బంతి వంశీ దగ్గర.

"లో! గో లో! హిట్ ద నీ!" అని పక్కనుంచి ఎవరో అరిచారు. కింద కొట్టు, మోకాలు కొట్టు అని. అంతవరకూ యూసుఫ్ ఎవరిని ఆపినా కాళ్ళ మీదే కొట్టి ఆపాడు, అదే వాడి పద్ధతి. నేను కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూయలేకపోయాను. వాడు వంగుతూ వచ్చి, చివరి అడుగులో లేచి నిలువునా వంశీ ఛాతీకి ఎదురెళ్ళాడు. వంశీ హెల్మెట్ వాడి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఈసారి ఫోనులో కాదు, చెవులారా విన్నాను. వంశీ వాడి మీదుగా గీత అవతల పడ్డాడు. లేచాడు. యూసుఫ్ లేవలేదు.

నేను చెప్పులు వదిలేసి మైదానంలోకి పరిగెత్తాను. ఒకడు యూసుఫ్ చెయ్యి పట్టి లేపబోతున్నాడు. "లాగకుండ్రి! ఎవ్వలూ లాగకుండ్రి!" అని తెలుగులోనే అరిచాను. ఏం అర్థమైందో గానీ అందరూ వెనక్కి తగ్గారు. నా చున్నీతో ఆ చేతిని ఉన్నది ఉన్నట్టు ఒంటికి కట్టాం, తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాలర్‌బోన్ ఫ్రాక్చర్, భుజం ముందరి ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలన్నారు.

యూసుఫ్ వాళ్ళమ్మ వచ్చేవరకు నేనే పక్కన కూర్చున్నాను. నా హిందీ, వాడి హిందీ ఒకలాంటివే. "కింద కొట్టొచ్చు కదా బిడ్డా. ఎందుకు కొట్టలేదు?" అని అడిగాను.

"వాడి మొహానికే గురి పెట్టాను ఆంటీ. బాగుండదు కదా, మారుద్దామని," అన్నాడు. నొప్పికి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. మంచి చేత్తో అవి తుడుచుకుని, "ఖలాస్. లంగ్డాకి చెప్పండి, వచ్చే ఏడాది కింద కొడతాను," అన్నాడు.

వంశీ పేరు జాబితాలో చివరిది. ఇప్పుడు జట్టుతో ఆడుతున్నాడు. ఏసీ చల్లదనానికి పొద్దున్నే మోకాలు పట్టేస్తుంది, అరగంట వ్యాయామం చేస్తే గానీ మెట్లు దిగలేడు. మెనిస్కస్ ముక్క పోయింది కాబట్టి ముందు ముందు కీళ్ళ నొప్పి రావచ్చని డాక్టరు ఇప్పుడే చెప్పి ఉంచాడు. డాక్టరుకు, షీజకు, పెదవి చిట్లినా ఒక్క మాట అనకుండా వెళ్ళి, తర్వాత ఆసుపత్రికి వచ్చి నా కొడుకు పాదాలు పట్టుకున్న లింగన్నకు కూడా రుణపడి ఉన్నాను. లింగన్న ఇప్పుడు మోకాలు ఎవరు చూపించినా కట్టు కట్టడు, ముందు డాక్టరు కాగితం చూపించమంటాడు.

చదివేవాళ్ళకు ఒక్క మాట. ఎక్స్‌రే బాగుందంటే మోకాలు బాగున్నట్టు కాదు. దెబ్బ తగిలాక వాపు తగ్గకపోయినా, కాలు పూర్తిగా చాచలేకపోయినా ఆర్థో డాక్టరును చూసి, ఎంఆర్‌ఐ అవసరమా అని మీరే అడగండి. అప్పటిదాకా ఎంత ప్రేమగలవాళ్ళయినా సరే, ఎవరినీ లాగనివ్వకండి, తిప్పనివ్వకండి, నూనె రుద్దనివ్వకండి.

ఇంకొకటి అడుగుతున్నాను. యూసుఫ్‌కు ప్లేటు వేశారు, చెయ్యి ఇంకా భుజం దాటి పైకి లేవడం లేదు. రిసీవర్‌కు చెయ్యి లేవకపోతే ఇంకేం మిగిలింది? నేను రోజూ వాడికోసం దీపం పెడుతున్నాను, కానీ వాడికి వ్యతిరేకంగా ఒకసారి అడిగిన నోరు ఇది. మీరు ఏ దేవుణ్ణి మొక్కినా, ఈరోజు మొక్కేటప్పుడు యూసుఫ్ అన్న పేరు ఒక్కసారి తలచుకోండి.