హీరో ఇవ్వని సాయం

ఒక చిన్న వార్త ఏళ్ల తరబడి నా గుండెల మీద కూర్చుంది. రాసింది నేనే. దాని కింద పేరు వేయలేదు కాబట్టి ఇంతకాలం దాక్కోగలిగాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

సినిమా పేజీకి రాసేవాణ్ణి. మా పనిలో ఒక అలవాటుంది. హీరో ఎవరితోనో గొడవపడ్డాడంటే ఇద్దరినీ అడిగిగాని రాయం. ఎవరికో సాయం చేశాడంటే మాత్రం ఎవరినీ అడగం. మంచి వార్తే కదా, ఎవరికి నష్టం?

కృష్ణానగర్‌లో స్వప్న అనే గ్రూప్ డాన్సర్ ఉండేది. ఆమెకు నెలలు నిండకుండానే కొడుకు పుట్టాడు. పాలు పట్టడం మొదలుపెట్టాక పసివాడి పొట్ట ఉబ్బింది. పేగులో కొంత చచ్చుబడిందని కోసి తీసేశారు. మలం బయటికి వచ్చేందుకు పొట్టకు సంచి తగిలించారు. బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు. బతికినా ఖర్చు ఆపరేషన్‌తో తీరదన్నారు. నరంలోకి ఎక్కించే ఆహారం, సంచులు, పేగు కలపడానికి మరో ఆపరేషన్, ఆ తర్వాత ఏళ్ల తరబడి మందులు. భర్త లైట్‌మన్. తోటి డాన్సర్లు తమ ఒకరోజు బేటా, అంటే ఆ రోజు కూలి, ఆమెకు ఇచ్చేద్దామని మాట్లాడుకున్నారు.

అప్పుడే ఒక పెద్ద హీరో పీఆర్వో నాకు ఫోన్ చేశాడు. బిడ్డ ఖర్చంతా తమ హీరో భరించారు, వేసెయ్యండన్నాడు. వేసేశాను. ఆమెకు ఒక్క ఫోన్ చేయలేదు. వార్త చూసి డాన్సర్లు చందా ఆపేశారు. లక్షలు అందినామెకు మన బేటా ఎందుకనుకున్నారు. వాళ్లనేం అనగలం?

ఇదంతా నాకు తెలిసింది కొద్దిరోజుల తర్వాత. అదే హీరో ఇంటర్వ్యూ కోసం ఫిల్మ్ నగర్‌లో సెట్‌కు వెళ్లాను. స్వప్న వెనక వరసలో ఆడుతోంది. పచ్చి బాలింత. పాట ఆగినప్పుడల్లా తోటి అమ్మాయిలు చున్నీలు అడ్డం పడితే, వాటి వెనక కూర్చుని పాలు పిండి, ఐసు ఫ్లాస్కులో పెట్టి, భర్త చేతికిచ్చి ఆస్పత్రికి పంపుతోంది. అక్కడ గొట్టంలోంచి చుక్కచుక్కగా బిడ్డకు పోస్తారట. మళ్లీ పాట మొదలవగానే ఆమె వరసలో నిలబడేది. నవ్వేది. ఆ నవ్వు కూడా పనిలో భాగమే మరి.

నేను పేపరువాణ్ణని ఎవరో చెప్పినట్టున్నారు. దగ్గరికొచ్చింది.

"సార్, హీరో సార్ నాకు లక్షలిచ్చిండని ఎవరో రాసిండ్రు. రూపాయి రాలేదు సార్. వీళ్లేమో 'ఏందే లక్షాధికారీ, ఇంకా బస్సులనే వస్తున్నవా' అంటుండ్రు. నేను గూడ నవ్వుతున్న. ఏం జెయ్యాలె?"

నేను చేతిలోని నోట్‌బుక్ మూశాను.

"రాసినాయనతోని నాకు లొల్లి లేదు. తెల్వక రాసిండేమో. అది నిజం గాదని జర ఒక్క ముక్క రాయమని చెప్పుండ్రి. పైసలు రాకపోతె మాయె. పిల్లగాని పేరు మీద వచ్చింది నేను తిన్ననంటుండ్రు సార్."

"కనుక్కుంటానమ్మా" అన్నాను.

ఎవరిని కనుక్కోవాలి? అద్దంలో చూసుకుంటే సరిపోయేది. ఇంతలో కారవాన్‌లోకి రమ్మని పీఆర్వో పిలిచాడు. డబ్బు ఇచ్చారా అని మెట్ల దగ్గరే మెల్లగా అడిగాను. ఇద్దామనే అన్నారండీ, తర్వాత బిజీ అయిపోయారు అని అతను నవ్వాడు. నేనూ నవ్వాను. తప్పు తెలియక చేశానని చెప్పుకునే వీలు అక్కడితో పోయింది. సవరణ వేస్తే ఆ గుమ్మం నాకు మళ్లీ తెరుచుకోదు. ఇంటర్వ్యూ పేజీ నిండా వచ్చింది. సవరణ రాలేదు.

పిల్లాడు బతికాడు. ఆమె ఏ పాటనూ వదులుకోలేదు. వడ్డీకి తెచ్చింది, మెడలోది అమ్మింది, ఇంటికొచ్చాక ఆ సంచిని తన చేతులతోనే శుభ్రం చేసి మార్చింది. తెర మీద పోరాటాల గురించి ఎన్ని వేల మాటలు రాసుంటానో. అలాంటి పోరాటం పక్కనే జరుగుతుంటే ఒక్క ముక్క రాయలేకపోయాను.

ఇప్పుడామె మధురానగర్‌లో పిల్లలకు డాన్సు నేర్పుతోంది. కనిపిస్తే "బాగున్నరా సార్" అని కుర్చీ వేస్తుంది. కొడుకు బడికి వెళ్తున్నాడు. సన్నగా ఉంటాడు, కొంచెం కొంచెంగా తింటాడు. ఇప్పటికీ అప్పుడప్పుడూ కడుపునొప్పితో ఆస్పత్రి తప్పదు, అప్పూ తీరలేదు. మొన్న నేనక్కడుండగా పాత డాన్సర్ ఒకాయన వచ్చి, హీరోగారు బతికించిన పిల్లాడు వీడే అని నాకు చూపించాడు. పిల్లాడు తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె "పో, ప్రాక్టీస్ చేస్కో" అని మాత్రం అంది. నేనక్కడే ఉన్నాను. అప్పుడూ నోరు తెరవలేదు.

ఆమె ఎదుట చెప్పలేనివాణ్ణి మీకు చెబుతున్నాను. ఇక్కడా నా పేరు లేదు, చూశారా? క్షమించమని అడిగే ముఖం లేదు. ఇంత ఆలస్యంగా రాసినదాంతో ఆమెకేం ఒరుగుతుంది? నాకు మాత్రం కాస్త ఊపిరాడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.

ఆమె అడిగిన ముక్క ఇదీ. ఆ హీరో రూపాయి ఇవ్వలేదు. స్వప్న ఎవరి సొమ్మూ తినలేదు. ఆ పిల్లాణ్ణి బతికించింది వాళ్లమ్మ.