నిండు సీసా

ఆ బస్సు డిపో మొత్తానికి డ్రైవరమ్మ ఒక్కతే ఆడమనిషి. అందుకే గేటు దగ్గర ఆమె ఫోటోను నిలువెత్తున పెట్టి, కింద ‘మహిళాశక్తే మా శక్తి’ అని రాయించారు. ఇంత గౌరవించినవాళ్ళు మరుగుదొడ్డి ఇవ్వరా? ఇచ్చారు మహాప్రభో! తలుపుకు ‘స్త్రీలకు మాత్రమే’ అని బోర్డు కూడా తగిలించారు. కాకపోతే దానికి ఎప్పుడూ తాళమే. లోపల మహిళా దినోత్సవం బ్యానర్లు, మడతకుర్చీలు కిక్కిరిసి ఉంటాయి. ఒక్క మనిషికి గది దండగని మేనేజరుగారి అభిప్రాయం. అడిగినప్పుడల్లా చూద్దాంలేమ్మా అంటాడు. పాపం, చూస్తూనే ఉన్నాడు.

దాంతో డ్రైవరమ్మ డ్యూటీలో నీళ్ళు తాగడం మానేసింది. కిడ్నీలో రాళ్ళు పడ్డాయని, ఇలాగే ఉంటే స్టీరింగు సంగతి మరిచిపొమ్మని డాక్టరు కేకలేశాడు. అత్తగారు రోజూ పొద్దున్నే సీసా నింపి ఇచ్చేది. సాయంత్రానికి అది నిండుగానే ఇల్లు చేరేది. కోడలికి నీళ్ళు కూడా చేదేనని ఆవిడ సణుగుడు. అంత బస్సును ఇరుకు సందుల్లో తిప్పే మనిషికి అసలు సంగతి చెప్పడానికి నోరు పెగిలేది కాదు.

ఇంతలో స్త్రీల ప్రగతి మీద ఉపన్యాసం ఇవ్వడానికి హెడ్డాఫీసు నుంచి పెద్ద మేడమ్ వచ్చింది. ఆ పూట డ్రైవరమ్మను బస్సు దింపి ఘనమైన బాధ్యత అప్పగించారు: మేడమ్‌కు పళ్ళరసం అందించడం. ఆడచెయ్యి అయితే నిండుగా ఉంటుందట. ఆమెకు ఒళ్ళు మండింది. అయినా నవ్వుతూ అందించింది. గ్లాసు సగమైతే చాలు, ఎండగా ఉంది పుచ్చుకోండంటూ మళ్ళీ నింపింది. మర్యాదకు లోటు రానిస్తుందా? మేనేజరు మురిసిపోయాడు.

స్త్రీకి ఏ తలుపూ అడ్డు కాదంటూ మేడమ్ ఉపన్యాసం అందుకుంది. కాసేపటికి కాళ్ళు మార్చి మార్చి నిలబడింది. చివరికి డ్రైవరమ్మ చెవిలో ఏదో అడిగింది.

డ్రైవరమ్మ మైకు పక్కనుంచి కదల్లేదు, గొంతూ తగ్గించలేదు.

“ఉందండి మేడమ్. తాళంచెవి మేనేజరుగారి దగ్గరుంటుంది. నేనడిగితే చూద్దామంటారు. మీరడిగి చూడండి.”

మేనేజరు జేబులన్నీ తడుముకున్నాడు. తలుపు తీయగానే మహిళాశక్తి అంతా ఆయన మీదే పడింది. మెకానిక్కులు బ్యానర్లు బయటికి మోసేదాకా మేడమ్ పళ్ళ బిగువున నిలబడింది. బయటికొచ్చాక ఉపన్యాసం ఊసెత్తలేదు. తాళంచెవి డ్రైవరమ్మ చేతిలో పెట్టి కారెక్కింది. బ్యానర్లు ఇప్పుడు మేనేజరు గదిలో ఉన్నాయి. ఆయన వాటిని దాటుకుంటూ కుర్చీ చేరుకుంటున్నాడు.

మర్నాడు సాయంత్రం అత్తగారు సీసా ఊపి చూసింది.

“ఒలకబోసుకున్నావా ఏమిటే?”

“లేదత్తయ్యా, తాగాను.”

ఆవిడ నమ్మలేదు. మూత వదులైందేమోనని సీసాను తిప్పి తిప్పి చూసింది.