ఆఖరి పిల్ల ఎగిరేదాకా

మా బావ లిఫ్టు మెకానిక్కు. ఊళ్లోని ఎత్తైన మేడల్లో జనం కాలు కదపకుండా పైకి వెళ్తున్నారంటే అది ఆయన చలవే. ఆయన మాత్రం లిఫ్టు ఎక్కడు. అక్కావాళ్లది ఐదో అంతస్తు. కూరగాయల సంచి భుజాన వేసుకుని మెట్లమీదే పోతాడు. "మీరు బాగుచేసిన లిఫ్టు మీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగండీ" అని పక్కింటివాళ్లు అడిగితే నవ్వి ఊరుకుంటాడు. నమ్మకం లేక కాదు. పైకి వెళ్లడమంటే ఆయనకు కాళ్లూ చేతులూ నొప్పి పుట్టాలి, లేకపోతే వెళ్లినట్టు కాదు.

వారమంతా అందరినీ సుఖంగా పైకి పంపించి, సెలవురోజున తాను ఊరిబయట కొండబండను వేళ్లతో పట్టుకుని పాకుతాడు. దానికి నడుముకొక పట్టీ, పట్టీకొక తాడు, ఆ తాడు రెండో కొస, బండకు బిగించిన కొక్కేల్లోంచి వచ్చి, కింద నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. పైవాడు జారితే కిందివాడు తాడు బిగించి ఆపాలి. ఆ కిందివాణ్ణి నేను. నేను దర్జీని. ఆరు రోజులు మిషను ముందు కూర్చునేవాడు ఏడోరోజు నడుం వాల్చాలనుకోవడం తప్పా? అక్క పెళ్లయిన నాటినుంచీ నాకా ముచ్చట తీరలేదు. పైగా సామెత ఒకటి ఉండనే ఉంది: దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని. మా బావ ఆ సామెతను నమ్ముకున్నంతగా తాడును కూడా నమ్ముకోడు.

బండ ఎక్కేవాళ్లకు కొన్ని కట్టుబాట్లున్నాయి. కిందనుంచి కొసదాకా ఎక్కే ఒక్కొక్క వరుసనూ వాళ్లు దారి అంటారు. నా కంటికది గోడ. జారకుండా ఎవరు మొదట పైకి చేరితే వాళ్లే ఆ దారికి పేరు పెడతారు. ఇంకా ఎవరూ పూర్తిచేయని దారి మొదట్లో ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంటే, దీనిమీద ఒకరు పాటుపడుతున్నారు, మీరు ముట్టుకోకండి అని అర్థం. రాతకోతలేమీ లేవు, అయినా ఎవరూ ముట్టుకోరు. మా బావ దారికి కట్టే పీలిక నా కొట్టులోదే. అది ఎండకు వెలిసి తెల్లబోయినప్పుడల్లా కొత్తది కత్తిరించి ఇచ్చేవాణ్ణి. ఎన్ని పీలికలు మారాయో చెప్తే ఆయన పరువు పోతుంది. ప్రతిసారీ కొస ఇంకో రెండు బారలుందనగా చెయ్యి జారేది, నేను తాడు బిగించేవాణ్ణి, ఆయన గాల్లో వేలాడుతూ నన్ను చూసి ఇకిలించేవాడు.

"ఇంతకీ ఏం పేరు పెడతావు బావా?" అని అడిగితే, "ఎక్కాక చెప్తాలేరా" అనేవాడు.

"నా పేరే పెడతారు. ఇన్నేళ్లు వండి పెట్టింది ఇంకెవరు?" అనేది అక్క.

ఆ దారి పైభాగాన, ఎడమచేతి పక్కన, అలమర అరంత రాతి అంచు ఒకటుంది. బైరి డేగ ఏటా అక్కడే గుడ్లు పెడుతుంది. గూడూ లేదు, గడ్డిపరకా లేదు, వట్టి రాతిమీదే. మనిషి దగ్గరికొస్తే తల్లి గుడ్లు వదిలి లేచిపోతుంది. పిల్లల సంగతి ఇంకా ఘోరం. రెక్క ముదరకముందే బెదిరి కిందికి దూకేస్తాయి. అందుకని ఆ కాలమంతా అటవీశాఖవాళ్లు కాలిబాటకు అడ్డంగా గొలుసు కట్టి బోర్డు పెడతారు. పిల్లలన్నీ ఎగిరి, తమంతట తాము తిరుగుతున్నాయని చూసి ఆ గొలుసు విప్పే మనిషి ఒకరు కావాలి. ఆ కావలి మా బావకు అప్పగించారు. కొండ ఎప్పుడు తెరుస్తారా అని ఊరందరికంటే ఎక్కువ కాచుకుని కూర్చునే మనిషికి! దొంగచేతికి తాళాలిచ్చినట్టే అనుకున్నాను.

ఈ ఏడు ఆయన కుడిభుజం మొరాయించింది. లోపల చిరిగింది, కోసి కుట్టాలన్నాడు డాక్టరు. కుట్టు అనగానే నాకు ఆ డాక్టరుమీద కాస్త గౌరవం కలిగింది. కుట్టాక లిఫ్టుల పని చేసుకోవచ్చు, బండలు మాత్రం ఈ జన్మకు మరిచిపొమ్మన్నాడు.

"ఈలోపల ఒక్కసారి ఎక్కితే?" అని బావ నెమ్మదిగా అడిగాడు.

"మీ ఇష్టం. ఎలాగూ కోసేదేగా" అన్నాడు డాక్టరు. అక్క ఆ డాక్టరును ఇంటికొచ్చేదాకా తిట్టింది.

ఆస్పత్రిలో ఆపరేషనుకు తేదీ దొరకడానికే అక్క కాళ్లరిగేలా తిరిగింది. మార్చడం కుదరదు. డేగపిల్లలు ఎగరాలి, ఆ తర్వాత, కోతకు ముందు, బావ ఒక్కసారి ఎక్కాలి. అంతే. ఏటా అయితే ఈపాటికి అంచు ఖాళీ అయ్యేది.

ఈ ఏడు పిల్లలు మూడు. పెద్దవి రెండూ బుద్ధిగా ఎగిరిపోయాయి. మూడోది కూర్చుంది. తినడానికి అందరికంటే ముందు, ఎగరడానికి అందరికంటే వెనక. రోజూ పొద్దున బావ గొలుసు ఇవతల నిలబడి దుర్భిణీలోంచి చూసేవాడు, పక్కన నేను ఆవలించేవాణ్ణి. తల్లి పావురాన్ని కాళ్ల మధ్య పట్టుకుని అంచుముందు అటూ ఇటూ ఎగిరేది, ఇవ్వకుండా ఊరించేది, కావాలంటే రమ్మని. పిల్ల మెడ చాచి గోల చేసేది తప్ప కాలు కదిపేది కాదు. ఈ సంగతి చెప్తే అక్క నావైపు చూసి, "మన అమ్మ కూడా కంచం చేతికివ్వకుండా అలా తిప్పి ఉంటే నువ్వూ ఏదో ఒకటి అయ్యేవాడివి" అంది.

ఎక్కేవాళ్లు వచ్చి గొలుసు దగ్గర గొణుక్కుని పోయేవాళ్లు. గొణగనిది ఒక్క లెక్కల టీచరమ్మే. ఆవిడకు బండ ఎక్కడం నేర్పింది బావే.

కోతకు ముందురోజు సాయంత్రం నాకు ఓపిక చచ్చిపోయింది.

"బావా, రెండు ఎగిరాయి, మూడోదీ ఎగిరినట్టే లెక్క. గొలుసు తీసెయ్. ఎవరు చూడొచ్చారు?"

"నువ్వు చొక్కాకి ఒక చెయ్యి కుట్టకుండానే ఇచ్చేస్తావా?"

"మరీ తొందరపెడితే ఇచ్చేస్తాను. తర్వాత కుడతాను."

"అది బెదిరి కింద పడితే తర్వాత ఏం కుడతావు?"

కోపంతో కాలి ముందున్న రాయిని తన్నబోయి, డేగపిల్ల గుర్తొచ్చి ఆగాను. ఆయన గొలుసు దాటి, అడుగు చప్పుడు కాకుండా దారి మొదట్లోకి వెళ్లి, ఎర్రపీలిక విప్పి తెచ్చి నా జేబులో పెట్టాడు. ముడి విప్పడానికి ఎడమచేయి ఒక్కటే వాడాడు.

"ఇంక దీంతో పనిలేదురా. ఎవరైనా ఎక్కొచ్చు" అన్నాడు. ఇంటికి వెళ్తూ దారంతా అక్కకు ఆస్పత్రిలో కుర్చీ దొరుకుతుందో లేదో అని మాట్లాడాడు.

మర్నాడు అక్క ఆయనతో వెళ్లింది, నన్ను కావలికి పంపారు. ఎండ ఎక్కింది. తల్లి ఎప్పటిలాగే ఊరించింది. పిల్ల మెడ చాచింది, ఇంకా చాచింది, కాలు జారింది. ఎగరడం కాదది. పడబోతూ, అరె నాకు రెక్కలున్నాయి కదా అని గుర్తొచ్చినట్టు టపటపా కొట్టుకుంది. వంకరగా పోయి అవతలి గుట్టమీద వాలి, తానేదో ఘనకార్యం చేసినట్టు అరవడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, కోపంతో. నిన్న జారితే నీ సొమ్మేం పోయిందే అని పైకే అన్నాను. అయినా సాయంత్రందాకా కూర్చుని, అది మళ్లీ తనంతట తాను లేచి ఎగిరేదాకా చూసే వెళ్లాను. లేకపోతే బావ ఊరుకోడు.

వార్డులో బావకు మత్తు సగమే దిగింది. "ఎగిరిందా?" అన్నాడు.

"ఎగిరింది."

"రెండోసారి?"

"రెండోసారీ ఎగిరింది బావా, పడుకో." పడుకున్నాడు.

ఆ వారమే గొలుసు విప్పాను. బావ ఇంటికొచ్చాక టీచరమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "అన్నా, మీ దారి నేను ప్రయత్నించనా? వద్దంటే మానేస్తా."

"పీలిక లేదుగా. ఎవరిదైనా అవుతుంది. కొస దగ్గర ఎడమచేతి పట్టును నమ్మొద్దమ్మా, నన్ను అదే ముంచింది" అన్నాడు.

తాడు ఎవరు పట్టాలి? ఇంకెవరు! బావ చెయ్యి మెడకు వేలాడేసుకుని నా పక్కనే బండరాయిమీద కూర్చున్నాడు. ఆవిడ ఆ రెండు బారల దగ్గర ఆగినప్పుడు బావ ఎడమచేయి తనంతట తానే గాల్లో పట్టు వెతికింది. ఎడమ పట్టు వదిలేసి, కుడివైపు నుంచి వెళ్లి, కొస ఎక్కేసింది. బావ ఒంటిచేత్తో తొడమీద చప్పట్లు కొట్టాడు. దిగొచ్చాక పేరు అడిగారు. "ఆఖరి పిల్ల" అంది. అందరూ భేష్ అన్నారు, బావ అందరికంటే గట్టిగా. అక్క మాత్రం ఆ పూట కూరలో ఉప్పు మరిచిపోయింది.

కట్టు ఉన్న చేయి పట్టేలా భుజంమీద గుండీలు పెట్టి బావకొక చొక్కా కుట్టాను. తొడిగిస్తూ అడిగాను.

"ఇంతకీ నువ్వేం పేరు అనుకున్నావు? అక్క పేరేగా?"

"మీ అక్క పేరు పెడితే వచ్చినవాడల్లా మీ అక్కను తొక్కుకుంటూ పోతాడు. నాకు ప్రాణంమీద ఆశ లేదా?"

"మరి?"

కిటికీ వైపు చూశాడు. "బావమరిది అనుకున్నాన్రా. ఎవరైనా అడిగితే, పైకెళ్లింది నేనైనా పడకుండా పట్టింది వాడేనని చెబుదామని."

గుండీ నా వేళ్లలోంచి జారిపోయింది. మళ్లీ దొరకడానికి కాసేపు పట్టింది. ఆ బండమీద, నేను ఇన్నేళ్లు తిట్టుకుంటూ నిలబడ్డ ఆ గోడమీద, నన్ను పిలిచే మాట ఒకటి ఉండిపోయేది. ఒక్కరోజు తేడాలో పోయింది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా బావా" అన్నాను.

"చెప్తే ఆ డేగపిల్లని నువ్వే వెళ్లి తోసేసేవాడివి" అన్నాడు.

నిజమే, తోసేసేవాణ్ణే. మిగతా గుండీలు పెట్టాను.